గజ్జల్లో దారి తప్పకుండా: కటి ఎముక, గజ్జ, పొత్తికడుపు వేళ్ళతో నేర్చుకునే విధానం

మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది. నల్లగొండ, సూర్యాపేట కాలేజీలు 2019లో మొదలయ్యాయి. అంతకుముందు ప్రభుత్వ కాలేజీలో డాక్టరు చదువంటే హైదరాబాదో వరంగలో పోవాల్సిన మన పల్లెల పిల్లలు ఇప్పుడు ఇంటికి దగ్గర్లోనే చదువుతున్నారు. వాళ్ళను చూస్తే నాకు చాలా సంతోషం. ఒక బాధ కూడా ఉంది. ఇంగ్వైనల్ కెనాల్‌కు, అంటే గజ్జలో కడుపు గోడను దాటే కాలువకు, నాలుగు గోడలు చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే విద్యార్థి, వార్డులో మంచం మీద ఉన్న మనిషి ముందు నిలబడి "ఆ ద్వారం ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అంటే ఆగిపోతాడు. పేర్లన్నీ నోటికి వచ్చాయి గానీ చేతికి రాలేదు.

నేను ఏళ్ళుగా చెబుతున్నది ఒక్కటే. గజ్జల దగ్గర రెండు ఎముక మొనలు మీ వేళ్ళకు దొరికితే మిగతాదంతా వాటిని పట్టుకుని దొరుకుతుంది. అవి దొరక్కపోతే ఎంత చదివినా గజ్జలోని గడ్డ పేరు తప్పుగానే రాస్తారు. ఈ రాత ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థుల కోసం, ఏఎన్ఎం అక్కల కోసం. గజ్జల్లో ఏదో ఉబ్బు కనిపించి భయపడుతున్న మామూలు మనిషి చదివినా అర్థమవ్వాలని తేలిక మాటల్లో రాశాను.

కావలసినవి: తలుపు వేసుకోవడానికి ఒక గది, ఒక అద్దం, చర్మం మీద గీసే పెన్ను, కొలిచే టేపు, ఒక గంట సమయం. శరీరం మీ సొంతమే. మొదట మీ ఒంటి మీద నేర్చుకోకుండా రోగి మీద చెయ్యి వెయ్యొద్దు.

మొదటి మెట్టు: ఎముకలు

నిలబడి రెండు చేతులు నడుము మీద పెట్టుకోండి. బొటనవేళ్ళు వెనక్కి, మిగతా వేళ్ళు ముందుకి. అరచేతి అంచుకు తగిలే గట్టి గట్టే ఇలియాక్ క్రెస్ట్. మొలతాడు కిందికి జారకుండా ఆగేది ఈ గట్టు మీదే. మన ఆడవాళ్ళు బిడ్డను చంకనెత్తుకున్నారు అంటాం గానీ, నిజానికి బిడ్డ బరువు మోసేది ఈ ఎముకే. నీళ్ళ బిందె కూడా దీని మీదే ఆనుకుంటుంది.

ఇప్పుడు చూపుడు వేలిని ఆ గట్టు మీదుగా ముందుకి, కిందికి జరపండి. ఒకచోట గట్టు అయిపోయి వేలు మెత్తని కడుపులోకి జారుతుంది. జారే ముందు తగిలిన మొనే యాంటీరియర్ సుపీరియర్ ఇలియాక్ స్పైన్. ఈ పొడుగు పేరు ప్రతిసారీ రాయలేను, 'తుంటి మొన' అంటాను. సన్నని వాళ్ళలో ఇది కంటికే కనిపిస్తుంది. అక్కడ పెన్నుతో ఒక చుక్క పెట్టండి.

రెండో మొన కొంచెం కష్టం. బొడ్డు నుంచి నిట్టనిలువుగా కిందికి వస్తే వెంట్రుకలున్న చోట గట్టిగా ఎముక తగులుతుంది. కుడి, ఎడమ ప్యూబిస్ ఎముకలు కలిసే సింఫసిస్ అది. దాని పై అంచు నుంచి పక్కకు సుమారు 2.5 సెంటీమీటర్లు జరిగితే చిన్న బొడిపె ఉంటుంది. దాన్నే ప్యూబిక్ ట్యుబర్‌కిల్ అంటారు. లావుగా ఉన్నవాళ్ళలో ఇది చర్మం కింద కొవ్వులో దాక్కుంటుంది. అప్పుడు ఇంకో దారి ఉంది. మోకాలు మడిచి, తొడను పక్కకు చాపి, మీ చేతితో మోకాలిని బయటికి నెడుతూ తొడను లోపలికి బిగించండి. తొడ లోపలి వైపు తాడులా ఒక కండరం పైకి లేస్తుంది. ఆ తాడు పట్టుకుని పైకి పోతే అది ట్యుబర్‌కిల్ కిందికే తీసుకుపోతుంది. లావైన పేషెంట్ల దగ్గర ఈ ఒక్క చిట్కా నన్ను ఎన్నిసార్లు కాపాడిందో చెప్పలేను. రెండో చుక్క ఇక్కడ.

ఇంకో చిన్న పని చేయండి. గోడకు ముఖం పెట్టి నిటారుగా, దగ్గరగా నిలబడండి. కడుపు పెద్దగా లేనివాళ్ళకు రెండు తుంటి మొనలూ, సింఫసిస్ ముందు అంచూ ఒకేసారి గోడకు తాకుతాయి. కటి ఎముక మన ఒంట్లో నిలబడే తీరు అది. చాలామంది విద్యార్థులు ఎముకను బల్ల మీద గిన్నెలా పెట్టి చదువుతారు. గిన్నె అంత సమంగా ఉండదు, ముందుకు బాగా ఒరిగి ఉంటుంది. ఈ వాలు మనసులో కూర్చోకపోతే పసిబిడ్డ తల ఏ దారిన దిగుతుందో, మూత్రాశయం ఎక్కడుంటుందో ఏదీ సరిగ్గా ఊహకు రాదు. ప్రాక్టికల్ పరీక్షలో ఎముక చేతికిస్తే ముందు దాన్ని ఇలా గోడకు ఆనించి పట్టుకోండి.

ఈ ఎముక గురించి మన జిల్లాల్లో పనిచేసేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన రెండు సంగతులు ఇక్కడే చెబుతాను.

ఒకటి ఫ్లోరోసిస్, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు చెడే జబ్బు. రెండు వైపులా ఇలియాక్ క్రెస్ట్‌ల ఎత్తైన చోట్లను వెనక నుంచి ఒక గీతతో కలిపితే ఆ గీత నాలుగో నడుము వెన్నుపూస మీదుగా పోతుంది. పెద్దవాళ్ళలో వెన్నుపాము మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, ఈ గీత ఆసరాతో కింద సందులో సూది పెట్టి నడుము కింద భాగానికి మత్తు ఇస్తారు. హెర్నియా (కడుపు గోడ సందులోంచి పేగు బయటికి పొడుచుకురావడం) ఆపరేషన్‌కు, సిజేరియన్‌కు ఇచ్చే మత్తు ఇదే. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్ళల్లో ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు తాగిన పెద్దవాళ్ళకు ఆ సూది పెట్టడం కొన్నిసార్లు చాలా కష్టమవుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. అంతకు చాలా ఎక్కువ మోతాదు ఏళ్ళ తరబడి లోపలికి పోతే ఎముక గట్టిపడి, ఎముకలను కలిపే లిగమెంట్లలో కూడా సున్నం చేరుతుంది. ఎక్స్‌రేలో ఆ మార్పులు ముందుగా కనిపించే చోట్లలో నడుము పూసలు, కటి ఎముక ఉన్నాయి. త్రికాస్థి (వెన్ను కింద చివరి పెద్ద ఎముక) నుంచి కూర్చునే ఎముకకు పోయే లిగమెంట్ మామూలుగా ఎక్స్‌రేలో కనిపించదు. ఈ పేషెంట్లలో అది తెల్లటి చారలా కనబడుతుంది. భగీరథ నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్లల సంగతి వేరు. వాళ్ళ తాతల ఎముకల్లో చేరింది మాత్రం అలాగే ఉంది. కాబట్టి ఆ వైపు పేషెంటు వస్తే మీ ఊరేది, ఏ నీళ్ళు తాగేవాళ్ళు అని ముందే అడగండి, మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.

రెండోది తాటిచెట్టు. కల్లు గీసే గౌడన్నలు మోకు జారి పడ్డప్పుడు కాళ్ళు, నడుముతో పాటు కటి ఎముక విరగడం ఉంటుంది. కటి ఒక ఉంగరం లాంటిది. గట్టి గాజు ఒక్కచోటే పగలదు కదా, పగిలితే రెండు చోట్లయినా పగులుతుంది. ఎక్స్‌రేలో ముందు వైపు ఒక విరిగిన చోటు కనిపిస్తే, వెనక రెండోది వెతకండి. ఆ ఎముకల లోపలి గోడకు అంటుకుని రక్తనాళాల జాలం ఉంటుంది. బయటికి చుక్క రక్తం కనపడకుండానే లీటర్ల కొద్దీ లోపల పోతుంది. అందుకే విరిగిందేమో చూద్దామని తుంటిని పట్టి ఊపొద్దు. దుప్పటి గానీ పంచె గానీ మడిచి, నడుముకు కాకుండా తొడ ఎముక పైభాగం పక్కకు పొడుచుకొచ్చే చోట, అంటే పిరుదుల పక్క గట్టి బొడిపెల మీదుగా చుట్టి బిగించి కట్టండి. పైన నడుముకు కడితే ఉంగరం కింది భాగం ఇంకా తెరుచుకోవచ్చు. మూత్రం వచ్చే చోట రక్తం కనిపిస్తే పైపు వేయకుండా పెద్దాసుపత్రికి పంపండి. మూత్రనాళం తెగి ఉండవచ్చు.

సూది సంగతి కూడా ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. పిరుదును ప్లస్ గుర్తులా నాలుగు భాగాలు చేసి, పైన, బయటి భాగంలోనే సూది వేయాలి. ఒంటి నడిగీత వైపు గానీ కిందికి గానీ వేస్తే కాలికి పోయే సయాటిక్ నర్వ్‌కు తగిలి, పాదం పైకి లేవని పిల్లలను నేను చూశాను.

రెండో మెట్టు: ఒక గీత, రెండు నడిమధ్యలు

తుంటి మొన చుక్క నుంచి ప్యూబిక్ ట్యుబర్‌కిల్ చుక్క వరకు గీత గీయండి. పెద్దవాళ్ళలో 12 నుంచి 14 సెంటీమీటర్లు ఉంటుంది. ఇదే ఇంగ్వైనల్ లిగమెంట్. దీనిపైన పొత్తికడుపు, కింద తొడ.

ఇప్పుడు టేపుతో ఆ గీత సగం దగ్గర గుర్తు పెట్టండి. అక్కడి నుంచి ఒక వేలి వెడల్పు, అంటే 1.25 సెంటీమీటర్లు పైకి పోతే డీప్ రింగ్. కడుపులోంచి కాలువలోకి దిగే లోపలి ద్వారం అది.

తర్వాత తుంటి మొన నుంచి ట్యుబర్‌కిల్‌కు కాకుండా సింఫసిస్ మధ్య గీత వరకు కొలిచి దానిలో సగం గుర్తు పెట్టండి. ఇది మొదటి గుర్తు కన్నా ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువగా లోపలికి ఉంటుంది. ఇక్కడి నుంచి లోపలి వైపు అంటే ఒంటి నడిగీత వైపు అని. ఇక్కడ వేళ్ళు ఆనిస్తే ఫీమోరల్ ఆర్టరీ, అంటే కాలికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం, కొట్టుకోవడం తెలుస్తుంది. ఈ రెండు గుర్తుల పేర్లు ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రతి బ్యాచ్‌లో సగం మంది తికమకపడతారు. పేరు మర్చిపోండి, నాడి కొట్టుకునేది సింఫసిస్ కొలతది అని గుర్తుంచుకోండి.

నాడి మీద వేలు అలాగే ఉంచండి. దానికి బయటి వైపు ఫీమోరల్ నర్వ్, లోపలి వైపు వెయిన్ (రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకుపోయే నాళం), ఆ వెయిన్‌కు ఇంకా లోపల ఒక చిన్న ఖాళీ ఉంటాయి. మనవాళ్ళు నర్వ్‌నూ, రక్తనాళాన్నీ రెండింటినీ నరం అనే అంటారు, కాబట్టి పేషెంటు "నరం గుంజుతుంది సారు" అంటే ఏది అని వేలితో చూపించమనాలి. ఆ చిన్న ఖాళీ దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను. ఈ రాతంతా నేను రాయడానికి కారణం ఆ ఖాళీయే.

మూడో మెట్టు: కడుపు గోడ

పొత్తికడుపు పక్కల మూడు పలకల కండరాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైదాని పోగులు జేబులో చెయ్యి పెడితే వేళ్ళు చూపే దిక్కున, కిందికి ముందుకి పోతాయి. నడిమిది దానికి అడ్డంగా ఎదురు దిక్కున పోతుంది. లోపలిది నడుము పట్టీలా అడ్డంగా ఉంటుంది. నులక మంచం అల్లిక బలం ఎక్కడుంది? తాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడటంలో. కడుపు గోడ బలం కూడా అదే. మంచంలో కాళ్ళ వైపు నులక ఎక్కడ వదులైతే మనిషి అక్కడ కుంగుతాడు. గజ్జ మూల అలాంటి చోటు.

మధ్యలో బొడ్డుకు అటూ ఇటూ నిలువు కండరం ఉంటుంది. పై మూడు పలకల పొరలు దాన్ని గౌసెన తొడిగినట్టు ముందూ వెనకా కప్పుతాయి. బొడ్డుకూ సింఫసిస్‌కూ సుమారు సగం దూరంలో ఒక వంపు గీత ఉంది. దాని కింద పొరలన్నీ కండరానికి ముందు వైపే పోతాయి, వెనక పల్చని పొర మాత్రమే మిగులుతుంది. సిజేరియన్ అడ్డ కోత ప్యూబిస్ పైన రెండు వేళ్ళ ఎత్తులో పెట్టేది ఈ భాగంలోనే. కండరాన్ని కోయకుండా మధ్యలోంచి పక్కలకు జరిపి లోపలికి పోతారు. అడ్డ కోత తర్వాత కొందరు తల్లులకు కోత చివర్ల దగ్గర మంట, తిమ్మిరి ఉండేది అక్కడ అడ్డంగా పోయే సన్నని నర్వ్‌ల వల్ల. "కుట్లు పాడైనయేమో" అని వాళ్ళు భయపడతారు. వాళ్ళకు ఈ మాట చెప్పాలి.

తుంటి మొన నుంచి బొడ్డుకు గీత గీసి, తుంటి మొన వైపు నుంచి మూడో వంతు దగ్గర వేలు పెడితే అపెండిక్స్ మొదలయ్యే చోటు. మెక్‌బర్నీ అనే అమెరికా సర్జన్ 1889లో చెప్పిన గుర్తు ఇది. కుడి వైపు మాత్రమే. అపెండిక్స్ నొప్పి ముందు బొడ్డు చుట్టూ వస్తుంది, ఎందుకంటే అపెండిక్స్ కబురు మోసే నర్వ్‌లు వెన్నుపాములో పదో ఛాతీ భాగానికి చేరతాయి, బొడ్డు చర్మం కబురూ అక్కడికే పోతుంది. వాపు కడుపు గోడ లోపలి పొరకు తాకినప్పుడు నొప్పి కిందికి, కుడికి దిగుతుంది.

నాలుగో మెట్టు: కాలువ ఎందుకు ఉంది

గజ్జలో ఆ కాలువ ఎందుకు అన్నది అర్థమైతే గోడల పేర్లు బట్టీ పట్టక్కర్లేదు.

తల్లి కడుపులో మగబిడ్డ వృషణాలు ముందు నడుము లోపల, మూత్రపిండాల దగ్గర పుడతాయి. అక్కడి నుంచి కిందికి దిగుతూ ఏడో నెలకు డీప్ రింగ్ దగ్గరికి వచ్చి, పుట్టే సమయానికి సంచిలోకి చేరతాయి. దారిలో కడుపు గోడను దాటాలి కాబట్టి పొరపొరనూ తమతో కొంచెం లాక్కొస్తాయి. కడుపు లోపలి పొర కూడా ఒక గొట్టంలా వెంట దిగుతుంది. పుట్టాక ఆ గొట్టం మూసుకుపోవాలి. మూసుకోకపోతే అందులోకి పేగు దిగితే హెర్నియా, నీరు దిగితే వరిబీజం. కుడి వృషణం కాస్త ఆలస్యంగా దిగుతుంది కాబట్టి కుడి వైపు హెర్నియాలు ఎక్కువ. వృషణానికి రక్తం ఈనాటికీ నడుము దగ్గరి నుంచే వస్తుంది, దాని లింఫ్ కూడా అక్కడికే పోతుంది. అందుకే వృషణం క్యాన్సర్ మామూలుగా గజ్జల బిళ్ళల్లోకి (లింఫ్ గ్రంథుల్లోకి) రాదు, కడుపు లోపలికి పోతుంది.

పెద్దవాళ్ళలో కాలువ పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. డీప్ రింగ్ దగ్గర మొదలై, ఏటవాలుగా లోపలికి కిందికి నడిచి, ట్యుబర్‌కిల్‌కు కొంచెం పైన, లోపలి వైపు సూపర్‌ఫిషియల్ రింగ్ దగ్గర బయటికి వస్తుంది. దీని నేల, పైపలక పంచె అంచు లోపలికి మడిచినట్టు మడుచుకున్న భాగం. అదే ఇంగ్వైనల్ లిగమెంట్. ముందు గోడ పైపలక. వెనక గోడ పల్చని పొర. కప్పు మాత్రం నడిమి, లోపలి పలకల పోగులు విల్లులా వంగి దాటే చోటు. మీరు దగ్గినప్పుడు ఆ విల్లు బిగిసి కిందికి దిగి దుకాణం షట్టర్ దించినట్టు కాలువను మూస్తుంది. రెండు ద్వారాలు ఎదురెదురుగా లేకుండా ఏటవాలుగా ఉండటం కూడా రక్షణే. పసిబిడ్డల్లో కాలువ చాలా పొట్టి, రెండు ద్వారాలు దాదాపు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి.

డీప్ రింగ్‌కు లోపలి పక్కన ఇన్‌ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ ఆర్టరీ పైకి పోతుంది. పేగు దానికి బయటి వైపు డీప్ రింగ్ గుండా కాలువలోకి వస్తే ఇన్‌డైరెక్ట్, లోపలి వైపు వెనక గోడను నెట్టుకుని వస్తే డైరెక్ట్. బస్తాలు మోసిన హమాలీలు, ఏళ్ళ తరబడి దగ్గిన బీడీ తాగే పెద్దలు, ప్రోస్టేట్ వాపుతో ముక్కి మూత్రం పోసేవాళ్ళు, వీళ్ళలో రెండో రకం చూస్తాం. హెర్నియా ఉన్న తాతను దగ్గు సంగతి, మూత్రం సంగతి, మలబద్ధకం సంగతి అడగకుండా ఆపరేషన్‌కు రాయకండి.

ఐదో మెట్టు: గడ్డను చూడటం

గజ్జలు చూపించమంటే ఎవరికైనా సిగ్గే. తెర లాగండి. ఏం చూస్తారో, ఎందుకో ముందే చెప్పండి. ఆడమనిషి అయితే పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలి. విద్యార్థులు పదిమంది చుట్టూ మూగడం నాకు నచ్చదు, ఇద్దరు చాలు.

ముందు నిలబెట్టి చూడాలి. పడుకోబెడితే హెర్నియా లోపలికి పోయి ఏమీ లేనట్టు ఉంటుంది. "తాతా, మొహం అటు తిప్పి ఒకసారి గట్టిగ దగ్గు" అనండి. కళ్ళతో చూడండి, తర్వాతే చెయ్యి. రెండు వైపులా చూడండి.

ఉబ్బు వృషణాల సంచిలో ఉంటే, దాని పైన మెడ దగ్గర బొటనవేలు, చూపుడు వేలు కలుస్తాయా చూడండి. కలిసి, మధ్యలో సన్నని తాడు మాత్రమే తగిలితే ఉబ్బు సంచిలోదే, వరిబీజం కావచ్చు. కలవకపోతే పైనుంచి దిగినది, అంటే హెర్నియా. తర్వాత గది చీకటి చేసి ఫోను టార్చి వెనక నుంచి పెట్టండి. ఎర్రగా వెలిగితే నీరు. పసిబిడ్డల పేగు కూడా వెలుగుతుంది కాబట్టి వాళ్ళలో దీన్ని నమ్మకండి. మన జిల్లాల్లో బుడ్డ అని పిలిచే పెద్ద వరిబీజాల వెనక చాలాసార్లు ఫైలేరియా ఉంది. క్యూలెక్స్ దోమ మోసే పురుగు లింఫ్ దారులను దెబ్బతీయడం వల్ల వచ్చేది అది. దాని తోబుట్టువే బోదకాలు.

ఉబ్బు గజ్జలోనే ఉంటే ట్యుబర్‌కిల్ మీద వేలు పెట్టి అడగండి: ఇది ఈ బొడిపెకు పైన, లోపలి వైపు ఉందా? కింద, బయటి వైపు ఉందా? పైన, లోపల అయితే ఇంగ్వైనల్. కింద, బయట అయితే ఫీమోరల్. నాలుగు పేజీలు చదివినా ఈ ఒక్క ప్రశ్న వేయకపోతే లాభం లేదు.

ఇంగ్వైనల్ అని తేలాక పడుకోబెట్టి నెమ్మదిగా లోపలికి పంపించండి, లేదా పేషెంటునే పంపుకోమనండి. వాళ్ళకు మనకన్నా బాగా వచ్చు. డీప్ రింగ్ గుర్తు మీద బొటనవేలు అదిమి లేపి దగ్గించండి. ఉబ్బు రాకుండా ఆగితే ఇన్‌డైరెక్ట్. వేలు పక్కనుంచి లోపలి వైపు పొడుచుకొస్తే డైరెక్ట్. ఈ పరీక్ష తప్పు చెప్పే సందర్భాలూ ఉన్నాయి, ఆపరేషన్ బల్ల మీద ఆర్టరీ పక్కన చూసినదే తుది మాట. రెండింటికీ చేసే పని దాదాపు ఒకటే, కాబట్టి దీని కోసం పేషెంటును పదిసార్లు దగ్గించొద్దు. నొప్పిగా, గట్టిగా, ఎర్రగా ఉన్న ఉబ్బును మాత్రం బలవంతంగా లోపలికి నెట్టొద్దు.

పిల్లల్లో హెర్నియా దానంతట అది తగ్గదు, ఆపరేషన్ కావాలి. పుట్టిన బిడ్డకు వరిబీజం ఉంటే మాత్రం చాలావరకు ఏడాది రెండేళ్ళలో తగ్గిపోతుంది, ఎదురు చూడవచ్చు. వాత పెట్టడం, పసరు కట్టడం, బెల్టు బిగించడం రంధ్రాన్ని మూయవు. కాలిన మచ్చ మాత్రం మిగులుతుంది.

ఆరో మెట్టు: బిళ్ళలు

గజ్జల్లో బిళ్ళలు కట్టాయి అంటే లింఫ్ గ్రంథులు ఉబ్బాయని. ఇంగ్వైనల్ గీత కిందనే కొన్ని అడ్డంగా, తొడ మీద కొన్ని నిలువుగా ఉంటాయి. కాలు, పిరుదు, బొడ్డు కింద చర్మం, జననాంగాల చర్మం, మలద్వారం కింది భాగం, వీటన్నిటి లింఫ్ వీటికే చేరుతుంది. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగి ముల్లు గుచ్చుకుంటే రెండు రోజులకు గజ్జలో బిళ్ళ కట్టడం మనందరికీ తెలిసిందే. కాబట్టి బిళ్ళ కనిపిస్తే కాలి వేళ్ళ సందుల నుంచి మొదలుపెట్టి పైకి వెతకండి. మలద్వారం చూడకుండా వదిలేయొద్దు. నొప్పి లేకుండా గట్టిగా పెరిగే బిళ్ళకు ముక్క పరీక్ష కావాలి.

మెత్తగా, నొప్పి వేడి లేకుండా గజ్జలో దిగే ఉబ్బు వెన్నుపూస టీబీ చీము కూడా కావచ్చు. నడుము పూసల పక్క నుంచి తొడకు పోయే సోవాస్ కండరం తొడుగులో జారి ఇంగ్వైనల్ లిగమెంట్ కింది నుంచి బయటపడుతుంది. నడుము మీద తట్టి చూడండి. ఏ గజ్జ ఉబ్బునైనా సూదితో గుచ్చేముందు, బ్లేడు పెట్టేముందు అది కొట్టుకుంటుందా అని వేలు ఆనించండి.

ఏడో మెట్టు: ఆ చిన్న ఖాళీ

ఇప్పుడు నాడి మీద మళ్ళీ వేలు పెట్టండి. లోపలికి వెయిన్, దాని పక్కనే ఆ ఖాళీ. దాన్ని ఫీమోరల్ కెనాల్ అంటారు, పొడవు 1.25 సెంటీమీటర్లే. నడిచేటప్పుడు, ముక్కేటప్పుడు వెయిన్ ఉబ్బడానికి చోటు కావాలి కాబట్టి ఉంది. దాని నోటికి ముందు ఇంగ్వైనల్ లిగమెంట్, వెనక ఎముకను అంటుకున్న లిగమెంట్, లోపలి వైపు కత్తి అంచులాంటి లాక్యునార్ లిగమెంట్, బయటి వైపు మాత్రమే మెత్తని వెయిన్. మూడు పక్కలా సాగని గోడలు. పేగు ఇందులో దూరితే వెనక్కి రావడం కష్టం, ఉరి పడటం తేలిక.

ఆడవాళ్ళ కటి వెడల్పు కాబట్టి ఈ ఖాళీ వాళ్ళలో కాస్త పెద్దది. సింఫసిస్ కింద ఎముకల మధ్య కోణం మగవాళ్ళలో చూపుడు, నడిమి వేళ్ళు చాపినంత, ఆడవాళ్ళలో బొటనవేలు, చూపుడు వేలు చాపినంత అని గుర్తుంచుకోండి. ఆడవాళ్ళలో కూడా ఎక్కువ కనిపించేది ఇంగ్వైనలే. కానీ ఫీమోరల్ హెర్నియా మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే, అందులోనూ కానుపులైన పెద్దవయసు వాళ్ళలో ఎక్కువ. ఇది నిమ్మకాయ అంత కూడా ఉండదు. దగ్గితే కదలకపోవచ్చు. చూస్తే బిళ్ళలానే ఉంటుంది.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు దేవరకొండ వైపు తండా నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. రెండు రోజులుగా వాంతులు, కడుపు ఉబ్బు. గ్యాస్ అనుకుని సెలైన్ పెట్టాం. గజ్జ కింద చిన్న గడ్డ నా చేతికి తగిలింది. "ఇదేంది అవ్వా?" అని అడిగాను. "గది బిళ్ళనే బిడ్డా, రెండేండ్ల సంది ఉన్నది" అంది. నేను కేసు షీటులో బిళ్ళ అనే రాశాను. ట్యుబర్‌కిల్ వెతకలేదు. పొద్దున మా పెద్ద డాక్టరు వచ్చి చీర కొంచెం పక్కకు జరిపి, బొడిపె మీద వేలు పెట్టి, దాని కింద, బయటి వైపు గడ్డను తాకి, థియేటర్ సిద్ధం చేయమన్నారు. లోపల పేగు నల్లబడి ఉంది. జానెడు కోసి తీసి మళ్ళీ కలిపారు. అవ్వ బతికింది, చాలా రోజులు మంచం మీద ఉండి ఇంటికి పోయింది. ఆ రాత్రే నేను సరిగ్గా చూసి ఉంటే ఆ జానెడు పేగు మిగిలేదేమో.

అందుకే మీ దగ్గరికి వాంతులతో, ఉబ్బిన కడుపుతో ఎవరు వచ్చినా రెండు గజ్జలూ చూడండి. పెద్దవయసు ఆడవాళ్ళ దగ్గర ఇంకా శ్రద్ధగా చూడండి. సిగ్గుపడి వాళ్ళు చెప్పరు, మీరే అడగాలి. ఒక్కోసారి పేగు గోడ అంచు మాత్రమే చిక్కుకుంటుంది. అప్పుడు వాంతులు, కడుపుబ్బు పెద్దగా ఉండకపోవచ్చు, మోషన్ కూడా అవుతూ ఉండవచ్చు, లోపల మాత్రం పేగు చచ్చిపోతుంటుంది. నొప్పి లేని ఫీమోరల్ హెర్నియాను కూడా తర్వాత చూద్దామని పంపించొద్దు, త్వరగా ఆపరేషన్‌కు రాయండి.

ఇంట్లోవాళ్ళు ఫోను చేసి అడిగితే చెప్పాల్సినవి ఇవి: ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు ఈసారి పోవడం లేదా, ముట్టుకుంటే గట్టిగా ఉండి నొప్పి పుడుతుందా, చర్మం ఎర్రబడిందా, వాంతులు అవుతున్నాయా, మోషన్, గ్యాసు ఆగిపోయాయా? ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. నోటికి నీళ్ళు, టీ, మాత్ర ఏదీ ఇవ్వొద్దు. కాపడం పెట్టొద్దు, పిసకొద్దు. 108కు ఫోను చేసి, ఆపరేషన్ చేయగల ఆసుపత్రికే నేరుగా తీసుకుపోమని చెప్పండి. వాంతులు ఎప్పుడు మొదలయ్యాయో, గడ్డ ఎన్ని గంటల నుంచి లోపలికి పోవడం లేదో ఒక కాగితం మీద రాసి వాళ్ళ చేతికివ్వండి.